సెటిలైనవా బిడ్డా?

పెండ్లికి పోయినా, దినాలకు పోయినా ఇయ్యాల తెలంగాణల ఒక ప్రశ్న తప్పించుకోలేం. "పిలగాడు సెటిలయిండా?" ఈ మాట అడిగేటోళ్లు ఇంగ్లిష్ చదువుకున్నోళ్లే కారు. బీడీలు చుట్టే అవ్వ అడుగుతది. గొర్ల మంద ఎనక నడిచే తాత అడుగుతడు. ఆర్టీసీ బస్సుల పక్క సీట్ల కూసున్న ముక్కూమొఖం తెల్వని మనిషి అడుగుతడు. జవాబు ఒక్క ముక్కల చెప్పాలె. "గవర్నమెంటా? ప్రైవేటా?" "ప్రైవేటు." అంతే. అడిగినాయన మొఖం మీద చిన్న మబ్బు. ఇగ ముచ్చట వానల మీదికో, పత్తి ధర మీదికో మళ్లుతది.

ఈ 'సెటిల్' అనే మాట మన నోట్లెకు ఎట్ల జొర్రిందో చూస్తే నవ్వొస్తది, కోపమూ వస్తది. కాలువ నీళ్లు పారే దగ్గర భూములు కొని పాతుకున్నోళ్లను మనం 'సెటిలర్లు' అన్నం. పట్నం చుట్టుపక్కల ఒకల జాగను బెదిరించి ఇంకొకల పేరు మీదికి మార్చే దందాను 'సెటిల్‌మెంట్' అన్నం. మన సొంత పిల్లల దగ్గరికి వచ్చేసరికి అదే మాట నిలదీసే ప్రశ్న అయి కూసున్నది. వచ్చినోడు సెటిలర్, గుంజుకున్నోనిది సెటిల్‌మెంట్, ఇక్కడ పుట్టినోడు మాత్రం ఇంకా సెటిల్ కాలే! మాటల తమాషా అని కొట్టిపారేయొచ్చు గానీ అరవై ఏండ్ల కథ అందుల ఉన్నది.

అంతకు ముందు మనకు మాటలు లేవా అంటే బోలెడున్నయి. 'గట్టెక్కిండు' అనేటోళ్లు. మునగకుంట బయటపడ్డడని అర్థం. 'నిలదొక్కుకున్నడు' అనేటోళ్లు. పడబోయి సంభాళించుకున్నడని అర్థం. 'ఒకల ముందట చెయ్యి చాపలేదు', 'ఇజ్జత్‌తోని బతికిండు', 'పదిమందికి అక్కెరకొచ్చిండు' అనేటోళ్లు. ఈ మాటల్ల ఒక్కదాంట్ల కూడా జీతం లెక్క లేదు. కరువును, అప్పును, గడీని చూసినోళ్ల నోట్లె నుంచి పుట్టిన మాటలవి. ఎవలి బతుకుకు తగ్గ మాట వాళ్లకు దొరికేది. ఇయ్యాల ముప్పై మూడు జిల్లాలకు కలిపి ఒకటే మాట, ఒకటే గజం.

పాలకుర్తి ఐలమ్మను తీసుకోండ్రి. 1940లల్ల విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు మీదికొస్తే ఆమె కొట్లాడింది నాలుగెకరాల కౌలు భూమిల పండిన పంట కోసం. వడ్లు గడీకి పోకుంట తన ఇంటికి చేరాలె. సంఘం ఆమె వెంట నిలవడ్డది, వడ్లు ఇంటికి చేరినయి. మనం దాన్ని చరిత్ర అన్నం. ఆమె లెక్కల అది తిండిగింజ.

ఆ లెక్క ఇయ్యాటికీ తెగలేదు. మన ఊర్లల్ల కౌలు రైతును పట్టుకొని "నువ్వు బాగుపడ్డవని ఎప్పుడు అనుకుంటవు?" అని అడిగి చూడుండ్రి. కారు గురించి చెప్పడు, మేడ గురించి చెప్పడు. కాయితం మీద నా పేరు ఉంటే చాలంటడు. 2018 మేల రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి పంటకు నాలుగు వేల చొప్పున పైసలు వచ్చినయి. ఎవలికి? పట్టాదారుకు. ఆ పట్టాదారు ఎల్బీనగర్‌ల అపార్టుమెంటుల ఉండనీ, అమెరికాల ఉండనీ, ఆయన పేరు మీదనే వచ్చినయి. దుక్కి దున్నినోడు, మందు కొట్టినోడు, అప్పు తెచ్చినోడు చూసుకుంట నిలవడ్డడు. గీ మనిషికి గెలుపంటే పేరు మోసుడు కాదు, పేరు ఎక్కుడు. గింత చిన్న కోరిక ఏ ప్రభుత్వానికి కూడా పెద్దగ కనవడలేదు.

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు పోతే బీడీల అక్కచెల్లెండ్లు ఉన్నరు. వాళ్ల లెక్క వెయ్యితోని నడుస్తది. వెయ్యి బీడీలు చుడితే ఇంత అని కూలి. నడుం ఒంగబెట్టి, చాట ఒడిల పెట్టుకొని, పొద్దున కూసుంటె పొద్దుమూకే దాకా అదే పని. ఆకు సరిగ లేదని కొన్ని తీసిపారేస్తరు, తంబాకు తక్కువొస్తే సొంత పైసలు పెట్టి కొంటరు. పీఎఫ్ కార్డు ఉంటే ఆమె కొంచెం గెలిచినట్టు, లేకపోతే లేనట్టు. 2015ల బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల జీవనభృతి మొదలైతే అది కొన్ని ఇండ్లల్ల మందుగోళీల ఖర్చు ఎల్లదీసింది. గానీ ఆ అక్కలను కదిలిస్తే అందరి నోట్లె ఒకటే మాట వస్తది. నా బిడ్డ ఒడిల చాట పడొద్దు. అంతే. బిడ్డ ఏమైతదో వాళ్లకు పెద్దగ పట్టింపు లేదు. నర్సు కానీ, టీచర్ కానీ, బట్టల దుకాణంల నిలవడనీ. చాట ఒక్కటి తప్పాలె. ఆ తల్లి తన గెలుపును తన బతుకుల లెక్కగట్టుకోదు.

దుబాయ్ పోయినోని లెక్క ఇంకో తీరుగుంటది. మనకు మస్కట్ అయినా, సౌదీ అయినా, ఖతార్ అయినా అన్నీ దుబాయే. ఆయన గెలుపు ఊర్ల కనవడ్తది, ఆయన కనవడడు. స్లాబు ఇల్లు లేస్తది, ముందర గోడకు రంగుల టైల్స్ పడ్తయి, చెల్లె పెండ్లి అయితది. ఆయన మాత్రం లేబర్ క్యాంపుల పదిమందితోని ఒక అర్రల పండుకుంటడు. మొదలు సంపాదించిందంతా వీసా అప్పుకే పోతది. సెలవు మీద వచ్చిన నెల రోజులు సెంటు వాసనతోని ఊరంత తిరుగుతడు, ఎవలు అడిగినా "మంచిగనే ఉన్న" అంటడు. ఊరు ఆయన్ను 'సెటిల్' ఖాతాల రాసుకుంటది. ఆయన రాసుకుంటడా? ఎన్నడన్న తాగినప్పుడు చెప్తడు. తిరిగొచ్చి సొంతూర్ల బతకగలిగిన దినమే నేను గెలిచినట్టు అని.

ఇగ ఆడపిల్ల సంగతి చూడుండ్రి. అదే ప్రశ్న ఆడపిల్ల గురించి అడిగితే అర్థమే మారిపోతది. "బిడ్డను సెటిల్ చేసిన్రా?" అంటే పెండ్లి చేసిన్రా అని. పిలగాడు సెటిల్ అయితడట, పిల్లను సెటిల్ చేస్తరట. క్రియల్నే తేడా ఉన్నది. అశోక్‌నగర్ హాస్టళ్లల్ల ఉండి చదివే అమ్మాయిలను అడిగితే చెప్తరు. ఇంటి నుంచి రెండేండ్ల గడువు పెట్టి పంపుతరు. రెండేండ్లల్ల కొలువు రావాలె, లేకపోతే సంబంధం చూస్తరు. నోటిఫికేషన్ పడక, పడితే పరీక్ష వాయిదాపడి, జరిగితే కోర్టుకు ఎక్కి, ఆ రెండేండ్లు ఎవలి చేతుల అయిపోతయి? పిల్ల ఓడిపోయిందని ఇంట్ల అనుకుంటరు. ఆమెను ఓడగొట్టినోళ్ల పేర్లు ఆ ఇంట్ల ఎవలకూ తెల్వయి.

కొలువుల ఉన్నోళ్లకన్న నిమ్మళం ఉన్నదా? మా ఉద్యోగ మిత్రులల్ల చానమంది గెలుపును పే స్కేల్‌తోని కొలువరు, దూరంతోని కొలుస్తరు. ఇంటికీ బడికీ నడుమ ఎన్ని కిలోమీటర్లు? 2021 డిసెంబర్ 6న 317 జీవో వచ్చినంక ఎంతమంది టీచర్లు పుట్టిన జిల్లా నుంచి కొత్త జిల్లాకు పోయిన్రో, ఎన్ని ఇండ్లల్ల భార్య ఒక దిక్కు, భర్త ఒక దిక్కు అయిన్రో ఉద్యోగ సంఘాలను అడిగితే చెప్తయి. స్థానికత కోసం కొట్లాడిన గడ్డ మీద ఆ మాటే ఒక టీచరమ్మను పిల్లలకు దూరం చేసింది. ఆమెకు ప్రమోషన్ కావాల్నా, పిల్లల దగ్గరుండుడు కావాల్నా అంటే జవాబుకు ఆలోచించదు. ఊరోళ్ల లెక్కల మాత్రం ఆమె ఎప్పుడో సెటిల్ అయింది.

అమెరికా ముచ్చట పొడుగు చెయ్యం. చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ 11 ప్రదక్షిణలు, వీసా వచ్చినంక 108. ఆ పిల్లల భక్తిని మేం ఎక్కిరియ్యం. గానీ 2025 సెప్టెంబర్ల అక్కడి అధ్యక్షుడు కొత్త హెచ్-1బి దరఖాస్తుల మీద లక్ష డాలర్ల ఫీజు అని ఒక సంతకం పెట్టంగనే కరీంనగర్‌ల, నల్లగొండల ఎన్ని ఇండ్లల్ల పొయ్యి ఎలుగలేదో చూసినం. మన గెలుపు గజం ఇంకొకల చేతుల పెడితే అట్లనే ఉంటది.

ఇగ అసలు సంగతికి వస్తం. సర్కారు నౌకరి ఒక్కటే గెలుపు అనే లెక్క తెలంగాణల గాలికి పుట్టింది కాదు. మా పిల్లలకు నౌకరి పిచ్చి అని టీవీల్ల కూసొని నవ్వేటోళ్లకు చరిత్ర తెల్వదు. 1919ల నిజాం ముల్కీ ఫర్మానా ఇచ్చిండంటే అప్పటికే బయటోళ్ల కొలువుల లొల్లి ఉన్నది. 1952ల ముల్కీ పోరాటంల సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపితే పిల్లలు పానాలిడిచిన్రు. 1969ల లొల్లి ఎక్కడ రాజుకున్నది? కొత్తగూడెం థర్మల్ కేంద్రంల స్థానికులకు కొలువుల దగ్గర. 1985 డిసెంబర్ 30న 610 జీవో వచ్చింది, వచ్చి కాయితంగనే ఉన్నది. ఇన్ని తరాలు కొలువు కోసం ఎందుకు కొట్లాడినయి? జీతం కోసమేనా? కొలువంటే పాలనల వాటా. ఎమ్మార్వో ఆఫీసుకు పోతే మన యాస ఇని నవ్వకుంట మాట్లాడే మనిషి కుర్చీల ఉండుడు. అవ్వ గోస అవ్వ భాషల అర్థమయ్యేటోడు ఫైలు మీద సంతకం పెట్టుడు. అందుకే 'నీళ్లు, నిధులు, నియామకాలు' అన్నం. అందరి నోట్లె అది హక్కు.

మేం 2009 డిసెంబర్ల ఉస్మానియా క్యాంపస్‌ల లాఠీలకు, బాష్పవాయువుకు ఎదురు నిలిచినోళ్లం. ఇప్పుడు నలభైకి దగ్గరవడ్డం. మేం చూసిన మార్పు ఒకటి చెప్పాలె. ఆనాడు కొలువు రాకపోతే "మాకు అన్యాయం జరిగింది" అన్నం. 'మాకు' అన్నం. 2014 జూన్ 2 తర్వాత ఏండ్లు గడిచినకొద్దీ అదే పిలగాడు "నాకు రాలేదు" అనుడు మొదలుపెట్టిండు. ఇంకొన్నేండ్లకు "నేను పనికిరాను" అనవట్టిండు. నోటిఫికేషన్ ఇయ్యనోడు మారలేదు, ఖాళీలు నింపనోడు మారలేదు. మారింది వాక్యంల కర్త. ఊరందరి బాకీ ఒక్క పిలగాని ఖాతాల రాసి, వాడు కట్టలేకపోతున్నడని వాణ్నే తప్పు పడ్తున్నం. గీ మోసం ఎవలు చేసిన్రంటే ఫలానా పార్టీ అని వేలు పెట్టి చూపియ్యొచ్చు, చూపిస్తం కూడా. గానీ పెండ్లిల్ల, దినాలల్ల ఆ ప్రశ్న అడిగేటోళ్లం మనమే కదా?

లెక్క చూడుండ్రి. 2022 ఏప్రిల్‌ల రాష్ట్రం వచ్చినంక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ పడ్డది. పోస్టులు 503. దరఖాస్తులు 3 లక్షల 80 వేలు. అంటే ఒక్క కుర్చీకి ఏడు వందల యాభై మందికి పైన. ఆ కుర్చీ ఒక్కటే గెలుపైతే, పరీక్ష ఎంత నిజాయితీగ జరిగినా ఒక్కడు గెలిచి మిగిలినోళ్లందరు ఓడినట్టు. అదన్నా నిజాయితీగ జరిగిందా? అక్టోబర్‌ల ప్రిలిమ్స్ రాసిన్రు. 2023 మార్చిల పేపర్ లీకైందని రద్దు చేసిన్రు. జూన్‌ల మళ్ల రాసిన్రు. సెప్టెంబర్‌ల హైకోర్టు అది కూడా రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిల 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్, జూన్‌ల మూడోసారి ప్రిలిమ్స్. అదే ఫిబ్రవరిల వయోపరిమితి 44 నుంచి 46కు పెంచిన్రు. ఆ జీవో ప్రకారం మన యువకుడు 46 ఏండ్ల దాకా ఆశ పెట్టుకోవచ్చన్నరు. సర్కారు చేసిన ఆలస్యానికి సర్కారు ఇచ్చిన పరిహారం ఇంకింత ఎదురుచూపు!

చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి పొద్దున్నే పోండ్రి. తలుపు తెరవకముందే లైను ఉంటది. మధ్యాహ్నం అయిదు రూపాయల అన్నం బండి కాడ అదే లైను. తల మీద అక్కడక్కడ తెల్ల ఎంట్రుకలు, చేతుల అదే ఇండియన్ పాలిటీ పుస్తకం. పండుగకు ఊరికి పోరు. ఎందుకు పోరంటే చార్జీలకు పైసలు లేక కాదు, ఆ ప్రశ్నకు జవాబు లేక. దసరాకు ఊరికి పోలేని పరిస్థితి దుబాయ్‌ల ఉన్నోనిది, హైదరాబాద్‌ల చదువుకునేటోనిది ఒకటే అయింది.

ఇంకా చిన్న పిల్లల సంగతి చెప్పాలంటే చెయ్యి ఆడుతలేదు. 2019 ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలు వచ్చినయి. తెలుగుల సున్న వచ్చిందని చూపెట్టిన ఒక అమ్మాయికి తర్వాత మళ్ల చూస్తే 99 మార్కులు. సున్నకూ తొంభైతొమ్మిదికీ నడుమ ఆ పిల్ల ఎట్ల నిద్రపోయి ఉంటది? ఆ ఫలితాల తర్వాత రోజుల్ల 20 మందికి పైగ పిల్లలు ప్రాణాలు తీసుకున్నరు. తల్లిదండ్రులు రోడ్డెక్కినంక ఫెయిలైనోళ్లందరి పేపర్లు ఉచితంగ మళ్ల చూస్తమన్నరు. చూస్తే వెయ్యి మందికి పైగ పాసైన్రు. దిద్దుడుల, కంప్యూటర్ల పెద్దోళ్ల తప్పు, శిక్ష పదిహేడేండ్ల పిల్లలకు. మేం అడిగేది ఒక్కటే. ఒక కాయితం మీద 'ఎఫ్' అనే అక్షరం పడితే బతుకే అయిపోయిందని ఆ పిల్లలకు ఎవలు చెప్పిన్రు? బోర్డు ఒక్కటే చెప్పలేదు. ఫలితాల మర్నాడు పేపర్ల మొదటి పేజీల నిండ పాస్‌పోర్టు ఫొటోలు పెట్టి ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అని అరిచే కార్పొరేట్ కాలేజీలు చెప్పినయి. ఆ ప్రకటనల ఫొటో పడని పిల్లలు ఎన్ని లక్షల మంది? వాళ్ల ఫీజులతోనే కదా ఆ పేజీ కొన్నది!

గెలుపుకు ఇంకో గజం ఉన్నదా అనేటోళ్లకు ఆలేరు దగ్గరి శారాజీపేట చూపిస్తం. చింతకింది మల్లేశం చిన్నప్పుడే బడి మానేసిండు. తల్లి లక్ష్మమ్మ పట్టుచీరకు ఆసు పోసేది. ఆసు అంటే తెల్వనోళ్లకు చెప్తం. చిటికి కట్టే ముందు దారాన్ని అర్ధచంద్రం తీరుగున్న మేకుల నడుమ చేత్తోని అటూ ఇటూ తిప్పాలె. ఒక్క చీరకు చెయ్యి సుమారు తొమ్మిది వేల సార్లు తిరగాలె. నాలుగైదు గంటల పని. దినానికి రెండు చీరెలంటే పద్దెనిమిది వేల సార్లు. సాయంత్రానికి భుజం పడిపోయేది. నా తోని కాదు బిడ్డా అని తల్లి అంటే ఆ కొడుకు వేరే కొలువు చూసుకోలేదు. 1992ల ఆ మిషను పని మొదలుపెట్టిండు. ఇంజినీరింగు తెల్వదు, పైసలు లేవు. కొంత అయ్యేది, ఆగేది. పట్నంకు పోయి చిన్న పనులు చేసుకుంట, వచ్చిన పైసలు సామాన్లకు పెట్టిండు. ఏడేండ్లు. ఆ ఏడేండ్లల్ల ఎవలన్న "పిలగాడు సెటిలయిండా?" అని అడిగి ఉంటే ఏం జవాబుండేది? 1999ల ఆసు మిషను తయారైంది. తల్లి పేరే పెట్టిండు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017ల పద్మశ్రీ వచ్చింది, 2019ల ఆయన మీద సినిమా వచ్చింది. మేం ఇక్కడ పద్మశ్రీని గెలుపు అంటలేం. 1999ల అమ్మ చెయ్యి నొప్పి తగ్గిన దినమే ఆయన పెట్టుకున్న పని అయిపోయింది. మిగిలిన పద్దెనిమిదేండ్లు ఢిల్లీకి ఆ ముచ్చట చేరేటందుకు పట్టినయి.

పద్మశ్రీ అంటే గుర్తొచ్చింది. నల్లమల దిక్కు కిన్నెర మొగులయ్య. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మనిషి. 2022ల రాష్ట్రపతి చేతుల మీద పద్మశ్రీ తీసుకున్నడు. దేశంల ఇంతకన్న పెద్ద గెలుపు ఏముంటదని అందరం చప్పట్లు కొట్టినం. 2024 మేల హైదరాబాద్ శివార్ల తుర్కయంజాల్‌ల ఇల్లు కట్టే కాడ కూలి పని చేసుకుంట పేపర్ల కనవడ్డడు. గోడ మీద రాష్ట్రపతి ఫొటో, నెత్తి మీద తట్ట. ఆయన మందులు, పిల్లల మందులు కిన్నెర మీద ఎల్లలేదు. ఆయన ఓడినట్టా, గెలిచినట్టా? ఆయన విద్యల ఆయన ఎన్నడూ ఓడలేదు. ఓడింది, ఒక కళాకారునికి నెలనెలా పింఛను అందే ఏర్పాటు సక్కగ చెయ్యలేని మన యంత్రాంగం. గిక్కడ కూడా బాకీ ఒకలది, ఖాతా ఇంకొకలది.

వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ జీవంజి దీప్తి ముచ్చట కూడా అంతే. కూలి చేసుకునే తల్లిదండ్రులు. తెలివి తక్కువ పిల్ల అని ఊర్ల ఎగతాళి. 2024 మేల జపాన్‌ల ప్రపంచ పారా అథ్లెటిక్స్‌ల 400 మీటర్ల పరుగుల బంగారు పతకం, సెప్టెంబర్‌ల పారిస్ పారాలింపిక్స్‌ల కాంస్యం. ఇప్పుడందరు మా ఊరి పిల్ల అంటున్నరు. మంచిదే. గానీ మేం ఆ తల్లిదండ్రుల గురించి ఆలోచిస్తున్నం. పతకం రాకముందు అన్నేండ్లు, ఎగతాళి ఇనుకుంట కూడా ఆ బిడ్డను గుండెలకు అద్దుకొని సాదుకున్నరు. ఆ సాదుడును ఏ గజంతోని కొలుస్తరు? పారిస్ పోని పిల్లలు కూడా మన ఊర్లల్ల ఉన్నరు, వాళ్ల తల్లులు కూడా ఉన్నరు. వాళ్ల ఇండ్లకు ఏ మంత్రీ పోడు, ఫొటో దిగడు.

మనం దండలేసే పెద్దమనుషులను ఈ 'సెటిల్' లెక్కల నిలవెట్టి చూస్తే ఇంకా ఇచిత్రంగుంటది. జయశంకర్ సారు పెండ్లి చేసుకోలేదు. 2011 జూన్ 21న పోయిండు, రాష్ట్రం చూడలేదు. కొండా లక్ష్మణ్ బాపూజీ 1969ల మంత్రి పదవి ఇడిచిపెట్టిండు, 2012ల పోయిండు, రాష్ట్రం చూడలేదు. కాళోజీ ఎమర్జెన్సీ తర్వాతి ఎన్నికల్ల సత్తుపల్లిల జలగం వెంగళరావు మీద నిలవడి ఓడిపోయిండు. గెలుస్తననుకొని నిలవడ్డడా? నిలవడాలె కాబట్టి నిలవడ్డడు. ఇయ్యాల ఒకరి పేరు మీద జిల్లా, ఒకరి పేరు మీద ఉద్యాన విశ్వవిద్యాలయం, ఒకరి పేరు మీద ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉన్నయి. ఆ విశ్వవిద్యాలయాలల్ల చదివే పిల్లలను మాత్రం ప్యాకేజీ ఎంత అని అడుగుతున్నం.

ఇక్కడ ఒక మాట తేటతెల్లం చేస్తం. లేకపోతే మా మాటలు వేరేటోళ్లకు పనికొస్తయి. "కొలువు లేకపోతే ఏమైంది, పకోడీలు అమ్ముకో, తృప్తిగ బతుకు" అని నీతులు చెప్పే పెద్దమనుషుల జట్టుల మేం లేం. కడుపు నిండినోడు కాలే కడుపుకు తృప్తి గురించి చెప్పుడంత నీచం ఇంకోటి లేదు. ఖాళీలు నింపాల్సిందే. తేదీలతోని క్యాలెండర్ పెట్టి, ఆ తేదీ తప్పితే ఎవలు జవాబుదారో పేరు రాయాల్సిందే. కౌలు రైతు పేరు కాయితం మీదికి ఎక్కాల్సిందే. దీని మీద ఒక్క అడుగు కూడా ఎనకకు తగ్గం. మేం చెప్పేది, ఆ బాకీ సర్కారు ఖాతాల ఉండాలె అని. పిలగాని గుండె మీద కాదు. కొలువు అడుగుడు వేరు, కొలువుతోని మనిషిని కొలుసుడు వేరు. మొదటిది ఉద్యమం. రెండోది ఉద్యమం చేసిన ఊర్లెనే జరుగుతున్న అవమానం.

మాతోటి క్యాంపస్‌ల ఉన్నోళ్లు ఇయ్యాల తలా ఒక దిక్కు ఉన్నరు. ఒకాయన టికెట్ కోసం రెండు పార్టీలు మారి మూడో పార్టీ ఆఫీసు ముందర ఉన్నడు. ఒకాయన ప్రైవేటు కాలేజీల లెక్చరర్, ఎండకాలం రెండు నెలలు జీతం రాదు. ఒకాయన ప్లాట్లు అమ్మి మంచిగ సంపాదించిండు, మమ్ముల చూస్తే ఇప్పటికీ పాట ఎత్తుకుంటడు. ఒకామె డీఎస్సీ కొట్టింది. ఇంకొకాయన ఏడేండ్లు చిక్కడపల్లి లైబ్రరీల కూసొని, గ్రూప్-1 రెండోసారి రద్దయినంక సూట్‌కేస్ సర్దుకొని మండలంల మీసేవ పెట్టుకున్నడు. మాల అందరికన్న బాగా చదివినోడు. మొన్న కలిస్తే, ఇగ ఎట్లున్నదని అడగబోయి ఆ ప్రశ్న నోట్లెనే మింగినం. ఆయనే చెప్పిండు. "పహాణీల పేరు తప్పువడితే సరిచేసేటందుకు ముసలోళ్లు మూడు నెలలు తిరుగుతరన్నా. నేను చట్టం చదివిన గదా, దరఖాస్తు ఎట్ల రాయాల్నో నాకు తెలుసు. నిరుడు నలభై మందియి సరిచేయించిన. ఇంట్ల ఇంకా ఫెయిలైండనే అంటరు. అననీ."

ఇంకా మాట్లాడుదమనుకున్నం గానీ బయట నలుగురు నిలవడి ఉన్నరు. ఒకామె సంచిల నుంచి పాత పాసుపుస్తకం తీసి కౌంటర్ మీద పెట్టింది. సర్వర్ డౌన్ ఉన్నది, పన్నెండింటికి వస్తది, ఆగమ్మా అని చెప్పి ఆమెకు కుర్చీ జరిపిండు.